పాల బిల్లుతో పాటు ఓ పలకరింపు: పాడి రైతు దిగులును ముందుగా ఎవరు గమనించగలరు?

2025లో పాడి రైతు పేరు దేశ రాజకీయాల్లో గట్టిగానే వినిపించింది. అమెరికాతో వాణిజ్య చర్చల్లో పాల ఉత్పత్తుల మార్కెట్ ప్రస్తావన వచ్చినప్పుడు, రైతులు, పశుపోషకులు, మత్స్యకారుల ప్రయోజనాల విషయంలో రాజీ పడేది లేదని ప్రధాని నరేంద్ర మోదీ ఆగస్టులో ప్రకటించారు. సెప్టెంబరు 22 నుంచి యూహెచ్‌టీ పాలు, ప్యాకెట్ పనీర్‌లపై జీఎస్టీని పూర్తిగా తొలగించారు. నెయ్యి, వెన్న, చీజ్‌లపై 12 శాతం ఉన్న పన్నును 5 శాతానికి తగ్గించారు.

ఈ రెండు సందర్భాల్లోనూ చర్చ సుంకాలు, ధరల చుట్టూనే తిరిగింది. రోజూ తెల్లవారకముందే లేచి పాలు పితికే మనుషుల మానసిక స్థితి గురించి మాట్లాడినవారు లేరు. నిజానికి వ్యవసాయ సంక్షోభం, రైతుల మానసిక ఆరోగ్యం మీద దేశంలో రెండు దశాబ్దాలకు పైగా చర్చ జరుగుతోంది. అందులో పత్తి రైతు, మిరప రైతు, కౌలు రైతు ఉన్నారు. పాడి రైతు మాత్రం అంతగా కనిపించరు. పాడి అంటే కరవులో కూడా ఆదుకునే ఆదాయం అన్న నమ్మకం దీనికి ఒక కారణం. ఆ నమ్మకంలో చాలా నిజం ఉంది. అయితే పంట పోయిన ఇంటిని నిలబెట్టే ఆ గేదె కూడా పోతే, లేదా దాని పాలకు గిట్టుబాటు ధర రాకపోతే, ఆ ఇంటికి మిగిలే ఆసరా ఏమిటన్న ప్రశ్నకు మన వ్యవస్థలో జవాబు లేదు.

లెక్కల్లో చోటు లేదు

ప్రపంచంలో ఉత్పత్తయ్యే పాలలో దాదాపు నాలుగో వంతు భారత్‌వే. 2023-24లో దేశంలో 23.93 కోట్ల టన్నుల పాలు ఉత్పత్తయ్యాయి. ప్రభుత్వ లెక్కల ప్రకారం 8 కోట్లకు పైగా కుటుంబాలకు పాడితో సంబంధం ఉంది. వీరిలో ఎక్కువ మంది రెండు మూడు పశువులున్న చిన్న రైతులు, భూమి లేని కూలీలు.

ఈ కుటుంబాల్లో ఎంతమంది మానసికంగా కుంగిపోతున్నారో చెప్పే లెక్క లేదు. జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) నివేదిక ప్రకారం 2023లో వ్యవసాయ రంగంలో 10,786 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో 4,690 మంది సాగుదారులు, 6,096 మంది వ్యవసాయ కూలీలు. సాగుదారు అంటే సొంత భూమిలోనో, కౌలు భూమిలోనో పంట పండించే వ్యక్తి. పాడి రైతు అనే వర్గం ఆ పట్టికలో విడిగా లేదు. సెంటు భూమి లేకుండా నాలుగు గేదెలతో బతికే వ్యక్తి మరణం రోజుకూలీల కిందో, స్వయం ఉపాధి కిందో, ‘ఇతరులు’ అన్న గడిలోనో చేరిపోవచ్చు.

మహిళల విషయంలో ఈ మసక మరింత ఎక్కువ. మేత కోసుకురావడం, పేడ తీయడం, కుడితి పెట్టడం, పాలు పితకడం వంటి పనుల్లో ఎక్కువ భాగం ఆడవాళ్లే చేస్తారు. వారికేదైనా జరిగితే నమోదయ్యే వృత్తి చాలాసార్లు ‘గృహిణి’. దేశంలో ఆత్మహత్య చేసుకున్న మహిళల్లో దాదాపు సగం మంది ఈ ఒక్క వర్గం కిందే ఉన్నారు. వారిలో పాడి పనితో ఇంటిని నడిపినవారు ఎందరో ఆ పట్టిక చెప్పదు. లెక్కలో లేనివారి కోసం పథకం రాయడం ఏ శాఖకైనా కష్టమే.

సెలవు లేని పని, చేతిలో లేని ధర

పంట రైతు ఒత్తిడికి, పాడి రైతు ఒత్తిడికి తేడా ఉంది. పంటకు ఒక కాలం ఉంటుంది. విత్తనం వేశాక, కోత అయ్యాక కొన్నాళ్లు ఊపిరి పీల్చుకోవచ్చు. పాడికి ఆ వెసులుబాటు లేదు. జ్వరం వచ్చినా, ఇంట్లో పెళ్లి ఉన్నా, చావు ఉన్నా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పాలు పితకాల్సిందే. బంధువుల ఇంట్లో రెండు రాత్రులు ఉండి రావాలంటే పశువులను ఎవరికి అప్పగించాలన్నదే మొదటి ప్రశ్న. ఏళ్ల తరబడి ఇలా గడిస్తే మనిషి నలుగురిలో కలవడం తగ్గిపోతుంది. తన కష్టం చెప్పుకునే సందర్భాలూ తగ్గిపోతాయి.

రెండోది ధర. గేదె పాలకు వెన్న శాతాన్ని బట్టి, ఆవు పాలకు వెన్నతో పాటు ఎస్‌ఎన్‌ఎఫ్‌ను బట్టి లెక్క కడతారు. ఆ ధరను నిర్ణయించే మార్కెట్ రైతుకు కనిపించదు. మహారాష్ట్రలో జరిగింది ఇందుకు మంచి ఉదాహరణ. 2023 మధ్యలో అక్కడి ప్రభుత్వం ఆవు పాలకు లీటరుకు కనీసం రూ. 34 ఇవ్వాలని చెప్పింది. కొన్ని నెలలకే పాలపొడి, వెన్న ధరలు పడిపోయాయని చెబుతూ డెయిరీలు కొనుగోలు ధరను రూ. 27 దాకా తగ్గించాయి. పొడి నిల్వలు ఎక్కడో గోదాముల్లో పేరుకుంటే దెబ్బ అహ్మద్‌నగర్, సోలాపూర్ రైతుల మీద పడింది. ఆందోళనల తర్వాత ప్రభుత్వం లీటరుకు రూ. 5 సబ్సిడీ ప్రకటించింది. ఆ మధ్య నెలల్లో దాణా ధర తగ్గలేదు, అప్పు వాయిదా ఆగలేదు.

మూడోది బిల్లు. పాలు రోజూ పోస్తారు. డబ్బు పది రోజులకో, పదిహేను రోజులకో వస్తుంది. ఆ బిల్లు మీదే పిల్లల ఫీజు, దాణా బాకీ, డ్వాక్రా సంఘం వాయిదా అన్నీ ఆధారపడతాయి. ఒక్క బిల్లు ఆగితే ఈ గొలుసు మొత్తం తెగుతుంది. 2024లో తెలంగాణలో సహకార డెయిరీలకు పాలు పోసే రైతులు బకాయిల కోసం రోడ్డెక్కింది అందుకే. చెరకు విషయంలో 1966 నాటి నియంత్రణ ఉత్తర్వు ప్రకారం 14 రోజుల్లో డబ్బు చెల్లించాలి, ఆలస్యమైతే 15 శాతం వడ్డీ ఇవ్వాలి. మిల్లులు దాన్ని ఎంతవరకు పాటిస్తున్నాయన్నది వేరే విషయం, రైతు అడగడానికి ఒక ఆధారమైతే ఉంది. కనీస మద్దతు ధర ప్రకటించే పంటల జాబితాలో లేని పాలకు అలాంటి రక్షణ కూడా లేదు.

పశువు పోతే దుఃఖం ఎవరిది?

2022 వేసవి తర్వాత గుజరాత్, రాజస్థాన్, పంజాబ్, హరియాణా రాష్ట్రాలను ముద్దచర్మ వ్యాధి (లంపీ స్కిన్) చుట్టుముట్టింది. కేంద్రం లెక్కల ప్రకారం ఆ ఏడాది దేశంలో లక్షన్నరకు పైగా పశువులు చనిపోయాయి. అందులో దాదాపు సగం రాజస్థాన్‌లోనే. మేకల మశూచి టీకాతో నెట్టుకొస్తూ, స్వదేశీ టీకా తయారైందని ఆగస్టులో ప్రకటించారు. పాలిచ్చే ఆవును కోల్పోయిన కుటుంబాలకు రాజస్థాన్ ప్రభుత్వం 2023 జూన్‌లో రూ. 40,000 వరకు పరిహారం జమ చేసింది. టీకా వచ్చింది, పరిహారం వచ్చింది. ఆ ఇళ్లలోని మనుషులను పరామర్శించే ఏర్పాటు మాత్రం ఈ రెండింటితో పాటు రాలేదు.

పశువు మరణాన్ని మనం ఆస్తి నష్టంగానే నమోదు చేస్తాం. పాడి ఉన్న ఇంటికి అది అంతకన్నా పెద్ద విషయం. పేరు పెట్టి పిలుచుకునే గేదె, దూడగా ఉన్నప్పటి నుంచి సాకిన ఆవు కళ్లముందే పుండ్లతో, జ్వరంతో రోజుల తరబడి నరకం చూసి చనిపోతే మిగిలేది నష్టం ఒక్కటే కాదు. ‘టీకా ముందే వేయించాల్సింది’, ‘డాక్టరును ఇంకో రోజు ముందు పిలవాల్సింది’ అనే అపరాధ భావం కూడా మిగులుతుంది. పశువు కోసం అంత ఏడవాలా అని ఊరు అంటుందన్న జంకుతో ఆ దుఃఖం బయటకు రాదు.

ఇలాంటి దుఃఖంపై బ్రిటన్‌లో అధ్యయనం జరిగింది. 2001లో గాలికుంటు వ్యాధి వ్యాపించినప్పుడు అక్కడ 60 లక్షలకు పైగా పశువులను చంపేశారు. ఎక్కువగా నష్టపోయిన కుంబ్రియా ప్రాంతంలో లాంకాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 54 మందితో వారం వారం డైరీలు రాయించారు. ఆత్మీయులు పోయినప్పటి లాంటి దుఃఖం, ఆ దృశ్యాలు పదేపదే గుర్తుకు రావడం, మళ్లీ అలాంటి విపత్తు వస్తుందన్న భయం, అధికారులపై నమ్మకం పోవడం ఆ డైరీల్లో కనిపించాయి. రైతుల్లోనే కాకుండా పశువైద్య సిబ్బందిలో, ఆ పనుల్లో పాల్గొన్న ఇతరుల్లోనూ ఇవి ఉన్నాయి. 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆ ఫలితాలు వచ్చాయి. అంటే పశువుల అంటువ్యాధి మనుషులకు కూడా ఆరోగ్య సమస్యేనని ఇరవై ఏళ్ల కిందటే తేలింది.

చెల్లింపుతో పాటు వచ్చిన ఉత్తరం

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో అగ్రి-మార్క్ అనే పాల సహకార సంఘం ఉంది. 2018లో దాదాపు వెయ్యి మంది రైతులు దానికి యజమానులుగా ఉండేవారు. ఆ ఏడాది ఫిబ్రవరిలో సంఘం సభ్యులకు పాల డబ్బు చెల్లింపుతో పాటు ఓ ఉత్తరం పంపింది. రాబోయే నెలల్లో ధరలు ఉత్పత్తి ఖర్చు కన్నా చాలా తక్కువగా ఉంటాయన్న అంచనా అందులో ఉంది. దాంతో పాటు ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ల నంబర్లూ ఉన్నాయి. అంతకు ముందే ఓ సభ్యుడు ఆత్మహత్య చేసుకున్నారు. ఆ ఉత్తరం అమెరికా అంతటా వార్త అయింది. అదే ఏడాది చివర్లో వచ్చిన వ్యవసాయ చట్టం, రైతుల మానసిక ఒత్తిడికి సాయం చేసే ఓ జాతీయ నెట్‌వర్క్‌కు ఏటా కోటి డాలర్ల దాకా నిధులకు వీలు కల్పించింది. ఆ నెట్‌వర్క్‌ను కాగితం మీద 2008లోనే ఏర్పాటు చేశారు. పదేళ్లు దానికి నిధులు లేవు.

ఆ ఉత్తరాన్ని రెండు రకాలుగా చదవొచ్చు. ధర ఇవ్వలేని సంఘం ఫోన్ నంబరు ఇచ్చి చేతులు దులుపుకొందని ఒకరు అనొచ్చు. ధర సంగతి, ప్రాణం సంగతి ఒకే కవర్‌లో పెట్టి, ఈ రెండూ వేరు కాదని సంఘం ఒప్పుకొందని మరొకరు అనొచ్చు. రెండింటిలోనూ నిజముంది. అయితే రైతు ఎలా ఉన్నాడో పట్టించుకోవాల్సిన బాధ్యత పాలు కొనే సంస్థకు కూడా ఉందని ఆ ఉత్తరం చెప్పింది. మన డెయిరీలు ఆ మాట ఇంకా అనాల్సే ఉంది.

మన దగ్గర ఏమున్నాయి?

భారత్‌లో మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన అవసరం లేదు. 2022 అక్టోబరు 10న కేంద్రం ప్రారంభించిన టెలి-మానస్ హెల్ప్‌లైన్ 14416 నంబరుపై 24 గంటలూ ఉచితంగా పనిచేస్తుంది. తెలుగు సహా 20 భాషల్లో మాట్లాడొచ్చు. అయితే ఫోన్ చేయాలన్న ఆలోచన రావాలంటే తనకున్నది సాయం అడగదగిన సమస్యేనని మనిషి ముందు గుర్తించాలి. నిద్ర పట్టకపోవడాన్ని, ఆకలి చచ్చిపోవడాన్ని ‘అప్పుల దిగులు’ అని సరిపెట్టుకునే రైతు ఆ నంబరు దాకా తనంత తానుగా రావడం కష్టం. ఎవరో ఒకరు అతని దగ్గరకు వెళ్లాలి.

అలా వెళ్తే ఫలితం ఉంటుందని మహారాష్ట్రలోని విదర్భ చూపించింది. అమరావతి జిల్లాలోని 30 గ్రామాల్లో ‘విశ్రామ్’ కార్యక్రమం కింద స్థానికులకే శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపారు. మొదట్లో కుంగుబాటుతో ఉన్నవారిలో 4.3 శాతం మందే సాయం కోరేవారు. ఏడాదిన్నర తర్వాత అది 27.2 శాతానికి పెరిగింది. ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయని చెప్పినవారి శాతం కూడా తగ్గింది. ఈ ఫలితాలు 2017లో లాన్సెట్ సైకియాట్రీలో ప్రచురితమయ్యాయి.

గుజరాత్‌లోని మెహసాణా జిల్లా దూద్‌సాగర్ డెయిరీకి కేంద్రం. పల్లెపల్లెనా పాల సంఘాలున్న ఆ జిల్లాలోనే ‘ఆత్మీయత’ కార్యక్రమం నడిచింది. ఊళ్లో నలుగురూ నమ్మే వ్యక్తులను ఎంచుకుని, ఎదుటివారి మాట ఓపికగా వినడం, నాలుగైదు విడతలు కూర్చుని మాట్లాడటం, అవసరమైతే ఆసుపత్రికి పంపడం నేర్పారు. వారు చేసే మరో పని పింఛను, పరిహారం వంటి ప్రభుత్వ సాయం అందేలా చూడటం.

తెలంగాణలోని వికారాబాద్‌లో 2017లో జిల్లా యంత్రాంగం, సుస్థిర వ్యవసాయ కేంద్రం కలిసి మొదలుపెట్టిన కిసాన్ మిత్ర హెల్ప్‌లైన్ కూడా ఇదే దారిలో నడిచింది. రైతు ఫోన్ చేస్తే ఓదార్పు మాటలతో ఆపకుండా, ఆగిపోయిన పాసుపుస్తకం, బ్యాంకు రుణం, పరిహారం సంగతి సంబంధిత అధికారి దాకా తీసుకెళ్లడం దాని పద్ధతి.

ఈ మూడింటిలో ఉమ్మడిగా కనిపించేది ఒకటే. రైతుకు తెలిసిన మనిషి, తెలిసిన చోట, తెలిసిన భాషలో పలకరించాలి. ఆ పలకరింపు వెనుక సమస్యను కదిలించే శక్తి కూడా ఉండాలి.

పాల పుస్తకం చెప్పే కథ

పాడి రంగానికి ఈ విషయంలో మిగతా వ్యవసాయానికి లేని ఓ సదుపాయం ఉంది. పాడి రైతు రోజుకు రెండుసార్లు పాల కేంద్రానికి వస్తారు. ఎంత పాలు పోశారు, వెన్న ఎంత వచ్చింది, ఎన్ని పూటలు రాలేదు అన్నది పుస్తకంలోనో, కంప్యూటర్‌లోనో ఉంటుంది. ఎనిమిది లీటర్లు పోసే ఇల్లు ఉన్నట్టుండి మూడు లీటర్లకు పడిపోయిందంటే గేదె వట్టిపోయి ఉండొచ్చు, పొదుగువాపు వచ్చి ఉండొచ్చు, పశువును అమ్మేసి ఉండొచ్చు. ఏళ్లుగా వచ్చే మనిషి వారం పాటు రాలేదంటే ఇంట్లో ఏదో జరిగి ఉండొచ్చు. పత్తి రైతు ఇబ్బందుల్లో పడ్డ సంగతి అప్పులవాళ్లు ఇంటి ముందు నిలబడే దాకా బయటపడకపోవచ్చు. పాడి రైతు కష్టం అంతకు చాలా ముందే పాల పుస్తకంలో కనిపిస్తుంది. దాన్ని ఆ కోణంలో చదివే బాధ్యత మాత్రం ఎవరికీ లేదు.

ఆ బాధ్యత ఎవరికి అప్పగించాలన్న దగ్గర జాగ్రత్త అవసరం. చాలా గ్రామాల్లో ప్రైవేటు డెయిరీ ఏజెంటే రైతుకు గేదె కొనడానికి అడ్వాన్సు ఇస్తాడు. అప్పిచ్చిన మనిషి దగ్గర కష్టం చెప్పుకుంటే, మరుసటి రోజే వసూలుకు వస్తాడన్న భయం ఉంటుంది. పాల కేంద్రం ఊరంతా చేరే చోటు కూడా. అక్కడ ఒకరి కన్నీళ్లు సాయంత్రానికి ఊరి కబురు అవుతాయి. కాబట్టి కేంద్రంలో గమనించడం వరకే ఉండాలి, మాట్లాడటం ఇంటి దగ్గర జరగాలి. ఆ పనికి అప్పుతో సంబంధం లేని మనుషులు కావాలి. స్వయం సహాయక సంఘాల నుంచి వచ్చిన పశుసఖులు, ఆశా కార్యకర్తలు, సంఘంలోని పెద్ద వయసు మహిళా సభ్యులు దీనికి తగినవారు. తిరుపతి కేంద్రంగా పనిచేస్తున్న శ్రీజ, ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని ముల్కనూరు డెయిరీల్లో మహిళలే సభ్యులు. తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి ప్రయత్నం మొదలుపెట్టడానికి అవి సహజమైన చోట్లు.

నేర్పాల్సింది పెద్ద విద్యేమీ కాదు. ‘అందరికీ ఉన్న కష్టాలే కదా’, ‘ధైర్యంగా ఉండాలి’ లాంటి మాటలు ఎదుటివారి నోరు మూయిస్తాయి. ‘రాత్రి నిద్ర పడుతోందా అక్కా?’, ‘ఈ మధ్య కేంద్రానికి రావట్లేదేం, ఒంట్లో బాగుందా?’ అన్న ప్రశ్నలు నోరు తెరిపిస్తాయి. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని నేరుగా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం చాలామందిలో ఉంది. అది అపోహేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అడగడం వల్ల మనిషి మాట్లాడే వీలు దొరుకుతుంది. అలాంటి ఆలోచన ఉందని తెలిస్తే ఒంటరిగా వదలకుండా, ఇంట్లోవారిని తోడుంచి, 14416కు కలపడం, ఆసుపత్రికి తీసుకెళ్లడం తర్వాతి పనులు.

ఓదార్పుకు హద్దులున్నాయి

ఇదంతా చెప్పాక ఓ హెచ్చరిక తప్పదు. రెండు బిల్లులు బాకీ పెట్టిన డెయిరీ మానసిక ఆరోగ్య శిబిరం నిర్వహిస్తే రైతుకు అది పుండు మీద కారమే. కుంగుబాటును రైతు బలహీనతగా చూపించి, ధర, బీమా, బకాయిల మాట పక్కన పెట్టే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. మాట సాయం ఆ మూడింటికి బదులు కాలేదు.

అందుకే అడగాల్సినవి కలిపే అడగాలి. చెరకుకు ఉన్నట్టే పాల బిల్లుకూ గడువు, ఆలస్యమైతే వడ్డీ ఉండాలి. పశు బీమాలో రైతు వాటా ప్రీమియాన్ని కేంద్రం 2024లో 15 శాతానికి తగ్గించింది. ఆ సంగతి పాల కేంద్రం గోడ మీద కనిపించాలి. 1962కు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనంలోని సిబ్బంది, పశువు చనిపోయిన ఇంటి వివరాలను ఆ కుటుంబం అనుమతితో ఆశా కార్యకర్తకు చేరవేయాలి. అంటువ్యాధి వచ్చినప్పుడు టీకా, పరిహారంతో పాటు పరామర్శ కూడా ప్రభుత్వ ప్రణాళికలో భాగం కావాలి. పాడితో బతికేవారిని ఎన్‌సీఆర్‌బీ విడిగా లెక్కించాలి.

వీటిలో చాలావాటికి కొత్త సంస్థలు అక్కర్లేదు. శ్వేత విప్లవం 2.0 పేరుతో కేంద్రం ఐదేళ్లలో 75,000 కొత్త పాల సహకార సంఘాలు ఏర్పాటు చేస్తామని, సహకార సంఘాల పాల సేకరణను 50 శాతం పెంచుతామని చెబుతోంది. ఆ సంఘాలకు వెన్న కొలిచే యంత్రాలు, శీతలీకరణ యూనిట్లు, కార్యదర్శులకు శిక్షణ ఎలాగూ ఇస్తారు. ఆ శిక్షణలో ఒక పూట మనుషులను గమనించడానికి కేటాయిస్తే అయ్యే ఖర్చు చాలా తక్కువ. పాలలో వెన్న అర శాతం తగ్గినా అదే పూట పసిగట్టే వ్యవస్థ మన దగ్గర ఉంది. పాలు పోసే మనిషి వారం రోజులుగా కనిపించకపోతే ఎందుకని అడగడం దానికి మించిన పనేమీ కాదు.

(మానసికంగా కుంగిపోతున్నా, ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నా టెలి-మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులో మాట్లాడొచ్చు.)